ముంబైలో ఉద్యోగం, ఓ మోస్తరు జీతం: బెజవాడ, గుంటూరు నుంచి బయల్దేరేవారికి లెక్కల మార్గదర్శి

ముంబైలో నెల ఖర్చును ఎలాగో నెట్టుకురాగలిగినవాళ్లు కూడా మొదటి నెలన్నరలో చతికిలబడుతుంటారు. జీతం ఇంకా పడదు. డిపాజిట్, బ్రోకరు, అద్దె, పరుపు, పొయ్యి అన్నీ ఒకేసారి మీద పడతాయి. గవర్నరుపేటలో జీతాల లెక్కలు చూసే పని నాది. ఆఫర్ లెటర్ ఫోనులో తెరిచి, ‘బాబాయ్ గారూ, ఈ జీతంతో వెళ్లమంటారా?’ అని అడిగే పిల్లలు వస్తూనే ఉంటారు. వాళ్లకు కాగితం మీద వేసి చూపించే లెక్కే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అద్దెలూ ఖర్చులూ నమూనాకు తీసుకున్న అంకెలు. మీ అంకెలు వేసుకొని మళ్లీ కూడుకోండి.

1. సీటీసీని విప్పి చూడండి

సీటీసీ అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. ఉదాహరణకు ఏడాదికి 5,40,000 సీటీసీ. అంటే నెలకు 45 వేలని ఇంట్లో చెప్పేస్తారు, పక్కింటికీ తెలిసిపోతుంది. కానీ అందులో బేసిక్, అంటే మూల వేతనం, సగం, 22,500 అనుకుందాం. దాని మీద మీ వంతు పీఎఫ్ 12 శాతం, అంటే 2,700. కంపెనీ వంతు మరో 2,700 కూడా చాలాచోట్ల సీటీసీలోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ పేరిట బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 1,080. వృత్తి పన్ను మహారాష్ట్రలో నెలకు 200, ఫిబ్రవరిలో మాత్రం 300. ఏడాది చివర పనితీరు చూసి ఇస్తామనే వేరియబుల్ పే నెలకు 2,300 చొప్పున ఉందనుకుంటే, చేతికొచ్చేది 36 వేలు. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15 వేల పరిమితి మీదే లెక్కిస్తాయి. అప్పుడు ఒక్కో వాటా 1,800 అవుతుంది, చేతికి ఇంకొంచెం వస్తుంది.

‘అద్దె రసీదులు పెడితే పన్ను మిగులుతుంది’ అన్న సలహా ఈ జీతానికి పనికిరాదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు 12.75 లక్షల వరకు పన్నే పడదు. లేని పన్నును మిగల్చుకోలేం కదా.

2. మిగులును మిగులుతో పోల్చండి

జీతాన్ని జీతంతో పోల్చడం అందరూ చేసే పని. పటమటలో అమ్మానాన్నల దగ్గర ఉంటూ 22 వేలు తెచ్చుకుంటున్న కుర్రాణ్ని తీసుకుందాం. ఇంట్లో ఇచ్చేది 6 వేలు, పెట్రోలు 2,500, ఫోను, బట్టలు, స్నేహితులతో బయటి తిండి కలిపి 3,500. మిగిలేది 10 వేలు.

అదే కుర్రాడు ముంబైలో 36 వేలతో: ముంబై శివారు డోంబివ్లీలో ముగ్గురు కలిసి తీసుకున్న ఇంట్లో వాటా 6 వేలు, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ 1,500, తిండి 8 వేలు, రైలు పాసు, బస్సు, ఆటో 1,200, ఫోను, బట్టలు, మందులు 3 వేలు, ఊరికి వచ్చిపోవడానికి నెలకు తీసిపెట్టేది 1,500, ఇంటికి పంపేది అదే 6 వేలు. మొత్తం 27,200. మిగిలేది 8,800.

జీతం 14 వేలు పెరిగింది, మిగులు 1,200 తగ్గింది. ఈ లెక్క చూశాక చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. వెళ్లొద్దని చెప్పడానికి వేసింది కాదిది. ఆ కంపెనీలో రెండేళ్ల పని అనుభవం తర్వాత జీతం ఎంతకు పోతుందో, ఆ పని బెజవాడలో దొరుకుతుందో లేదో చూసుకోవాలి. దొరికే పనే అయితే, చేతికి 40 వేలు దాటేదాకా బేరమాడండి. దొరకని పని అయితే మొదటి ఏడాది తక్కువ మిగిలినా నేను వెళ్లమనే చెబుతాను.

3. చేరే తేదీని బేరమాడండి

దీని గురించి ఎవరూ చెప్పరు. చాలా కంపెనీల్లో జీతాల లెక్క నెలలో 20, 25 తేదీల మధ్య మూసేస్తారు. ఆ తర్వాత చేరినవారి రోజులు వచ్చే నెల జీతంలో కలుస్తాయి. 22న చేరితే మొదటి జీతం చేతికి రావడానికి దాదాపు నలభై రోజులు పట్టవచ్చు. 1వ తేదీన చేరితే ఆ నెలాఖరుకే పడుతుంది. కాబట్టి హెచ్‌ఆర్‌ను అడగాల్సినవి మూడు: జీతాల లెక్క ఏ తేదీన మూస్తారు, రీలొకేషన్ డబ్బు (ఊరు మారే ఖర్చుకు ఇచ్చేది) ముందిస్తారా లేక బిల్లులు చూసి తర్వాత ఇస్తారా, మొదటి రెండు వారాలకు కంపెనీ గెస్ట్‌హౌస్ ఉందా. మూడోది అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ఉంటే ఇస్తారు, లేకపోతే లేదంటారు, ఉద్యోగం మాత్రం పోదు. రీలొకేషన్ డబ్బు తీసుకుంటే ఏడాదిలోపు మానేసినప్పుడు వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో కూడా చదువుకోండి.

4. మొదటి నెలన్నరకు సొమ్ము

ఆ డోంబివ్లీ ఇంటి అద్దె 18 వేలు, డిపాజిట్ 60 వేలు అనుకుందాం. ముగ్గురిలో ఒకరి వాటా ఇలా ఉంటుంది: డిపాజిట్ 20 వేలు, మొదటి నెల అద్దె 6 వేలు, బ్రోకరుకు ఒక నెల అద్దె కాబట్టి మీ వంతు 6 వేలు, అగ్రిమెంటు ఖర్చు వెయ్యిలోపు. ఇల్లు దొరికేదాకా మూడు వారాలు పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతిలో) ఉంటే 10 వేలు, దాని అడ్వాన్సు 5 వేలు. రైలు, సామాను 2,500. పరుపు, గిన్నెలు, బకెట్టు, పొయ్యి 6 వేలు. జీతం పడేదాకా తిండికీ తిరగడానికీ 12 వేలు. కూడితే 68,500. జ్వరమో, ఫోను పగలడమో ఏదో ఒకటి తప్పదు కాబట్టి 80 వేలు పెట్టుకోండి.

బెజవాడలో వీధులు తిరిగి టులెట్ బోర్డు చూసి నేరుగా ఇంటివారితో మాట్లాడుకుంటాం. అందుకే బ్రోకరు ఖర్చు మన లెక్కలోకి రాదు. ముంబైలో ఒక నెల అద్దె బ్రోకరుకు పోవడం మామూలు.

ఇప్పుడు ఆ 80 వేలు ఎక్కడివి? తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,600. మీ 8,800 మిగులు 7,200కు దిగిపోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకునే రుణం సాధారణంగా రూపాయి వడ్డీ లోపే తేలుతుంది. సగానికి సగం మిగిలినట్టే. నడుస్తున్న చీటీని తొందరపడి పాట పాడుకుంటే పోయే సొమ్మునూ వడ్డీగానే లెక్కేయండి. అప్పుడు అది రెండు రూపాయల వడ్డీని మించిపోయిందో లేదో తెలుస్తుంది. అన్నిటికన్నా మంచిది, ఆఫర్ వచ్చిన రోజు నుంచి నోటీసు కాలమంతా మిగులును కదపకుండా ఉంచడం. రెండు మూడు నెలల నోటీసు ఉంటే 20 నుంచి 30 వేలు అక్కడే పోగవుతాయి. ఈలోగా వీడ్కోలు విందులకు తగలేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

5. ముందు రైలు లైను, ఆ తర్వాతే ఇల్లు

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ముంబై ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నటి ఊరు. లోకల్ రైళ్లు దాని పొడవునా నడుస్తాయి. వెస్ట్రన్ లైను చర్చ్‌గేట్ నుంచి అంధేరీ, బోరివ్లీ మీదుగా విరార్ వైపు. సెంట్రల్ లైను సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) నుంచి దాదర్, ఠాణే, డోంబివ్లీ, కల్యాణ్ వైపు. హార్బర్ లైను సీఎస్ఎంటీ నుంచి కుర్లా, వాశీ మీదుగా పన్వేల్‌కు. ఠాణే నుంచి ఐరోలీ, ఘన్సోలీ మీదుగా వాశీ, పన్వేల్ వైపు వెళ్లేది ట్రాన్స్‌హార్బర్. ఊరి నడిబొడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది, రైల్లో నిలబడే సమయం పెరుగుతుంది.

మ్యాపులో దగ్గరగా కనిపించే రెండు చోట్లు వేర్వేరు లైన్ల మీద ఉంటే అవి దగ్గర కావు. ఆఫీసు అంధేరీలో ఉంటే వెస్ట్రన్ లైను మీదే చూడండి: వసయీ, నాలాసోపారా, విరార్. అద్దె రెండు వేలు తక్కువని అంధేరీ ఆఫీసుకు డోంబివ్లీలో ఇల్లు తీసుకుంటే రోజూ దాదర్ వంతెన మీద జనంలో కొట్టుకుపోతూ లైను మారాలి. లేదా ఘాట్కోపర్‌లో దిగి మెట్రో ఎక్కాలి, అది రెండో టికెట్టు. ఫోర్ట్, పరేల్, విక్రోలీ ఆఫీసులకు సెంట్రల్ లైను: డోంబివ్లీ, కల్యాణ్, అంబర్‌నాథ్, బద్లాపూర్. ఐరోలీ ఐటీ కంపెనీలకు ఠాణే, ఘన్సోలీ, ఖార్ఘర్ వైపు. బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌కు ఇటు బాంద్రా, అటు కుర్లా రెండూ పనికొస్తాయి. పైగా 2025 అక్టోబరులో పూర్తిగా తెరిచిన మెట్రో 3వ లైను ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా దాని మీదుగానే వెళ్తుంది. పవయీలో మాత్రం లోకల్ స్టేషన్ లేదు. కాంజుర్‌మార్గ్‌లోనో విక్రోలీలోనో దిగి బస్సో ఆటోనో పట్టాలి, ఆ ఖర్చు విడిగా వేసుకోండి.

సెకండ్ క్లాసు నెల పాసు చవక. ఎంత దూరానికైనా వందల్లోనే ఉంటుంది. మూడు నెలలది తీసుకుంటే మూడు విడి పాసుల కన్నా తక్కువ పడుతుంది. ఫస్ట్ క్లాసు పాసు దానికి ఎన్నో రెట్లు, అందులోనూ రద్దీ వేళ సీటు దొరకదు. అందుకే డబ్బు సీటుకు పెట్టే బదులు స్టేషన్ ఎంపికలో తెలివి పెట్టండి. రైలు మొదలయ్యే స్టేషన్లో ఉంటే కూర్చొని వెళ్తారు. డోంబివ్లీ, కల్యాణ్ నుంచి బయల్దేరే లోకల్స్ ఉన్నాయి. టైంటేబుల్లో మీ వేళకు అలాంటిది ఎన్నింటికో చూసుకొని, ఇల్లు స్టేషన్‌కు నడిచే దూరంలో తీసుకోండి. స్టేషన్ నుంచి రోజూ షేర్ ఆటో ఎక్కితే అద్దెలో మిగిలింది ఆటోకే పోతుంది. రాత్రి షిఫ్టు ఉన్నవారు మరొకటి గమనించాలి: అర్ధరాత్రి దాటిన కాసేపటికి లోకల్స్ ఆగిపోయి, తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో మళ్లీ మొదలవుతాయి.

బస్సుల్లో బెస్ట్ (ముంబై సిటీ బస్సులు నడిపే సంస్థ) వారి కనీస చార్జీ 2025 మేలో 5 నుంచి 10 రూపాయలైంది. ఇప్పటికీ ఆటో కన్నా చాలా నయం.

6. ఇంటిని కళ్లతో చూడకుండా రూపాయి పంపవద్దు

బెజవాడలో కూర్చొని ఫొటోలు చూసి ఇల్లు ఖాయం చేసుకోవద్దు. టోకెన్ పంపండి, ఇల్లు పట్టిపెడతాం అని అడిగేవాళ్లలో మోసగాళ్లు ఎక్కువ. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీకే డబ్బు వస్తుందని చెబితే అక్కడే ఫోను పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అంతకన్నా అక్కర్లేదు.

ముందు ఆఫీసు దగ్గరి పీజీలో మూడు వారాలు ఉండండి. అప్పటికి ఆఫీసులో ఎవరు ఏ లైను నుంచి వస్తున్నారో, ఎవరి ఇంట్లో చోటు ఖాళీ అవుతోందో తెలుస్తుంది. ఒకరు ఖాళీ చేసిన చోట చేరితే బ్రోకరు ఖర్చు తప్పుతుంది, మంచం, ఫ్యాను, ఫ్రిజ్ సగం ధరకే వస్తాయి. సాధారణ జీతగాడికి ఇంతకు మించిన దారి నాకు కనబడలేదు. దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది. మాటుంగా, చెంబూరుల్లో దక్షిణాదివారు ఎక్కువ. పరిచయాలకు అవి పనికొస్తాయి, అద్దెలు మాత్రం మన జీతానికి అందవు.

ఇల్లు చూసేటప్పుడు మొహమాటం లేకుండా అడగండి: పెళ్లికానివారికి ఇస్తారా, మాంసాహారం వండుకోవచ్చా, నీళ్లు ఏ వేళల్లో వస్తాయి, మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా? కొన్ని సొసైటీలు బ్రహ్మచారులను రానివ్వవు, కొన్ని మాంసాన్ని రానివ్వవు. అడ్వాన్సు ఇచ్చాక ఎండుచేపలు వేయించి, పై అంతస్తు నుంచి ఫిర్యాదు వచ్చాక తెలుసుకోవడం అనవసరపు కష్టం.

గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు చవకగా వస్తోందంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానను గుర్తు చేసుకోండి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అది అరుదే. కానీ కుర్లా, సయన్, హిందమాతా వంటి పల్లపు చోట్ల మామూలు భారీ వానకే నీళ్లు నిలుస్తాయి. గోడ అడుగున, అలమారా వెనుక చెమ్మ మరకలున్నాయేమో చేత్తో తడిమి చూడండి. కొత్త సున్నం ఒక్క గోడకే, అదీ మోకాలెత్తు దాకానే వేసి ఉంటే ఆ ఇంటికి నమస్కారం పెట్టి బయటికి రండి.

7. అగ్రిమెంటు

మహారాష్ట్రలో ఇళ్లకు ఎక్కువగా రాసుకునేది లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం, మామూలుగా 11 నెలలకు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం దాన్ని రిజిస్టరు చేయించాలి, ఆ బాధ్యత ఇంటి యజమానిది. ‘మనలో మనకెందుకు, నోటరీ చాలు’ అంటే ఒప్పుకోవద్దు. బ్యాంకుకు, ఆధార్‌లో చిరునామా మార్పుకు ఆ కాగితమే ఆధారం.

ఖర్చు భయపడేంత ఏమీ కాదు. స్టాంపు డ్యూటీ 0.25 శాతం. 18 వేల అద్దె 11 నెలలకు 1,98,000. తిరిగిచ్చే డిపాజిట్ 60 వేల మీద ఏడాదికి 10 శాతం చొప్పున లెక్కగట్టిన 5,500 దానికి కలుపుతారు. మొత్తం 2,03,500 మీద డ్యూటీ సుమారు 510. రిజిస్ట్రేషన్ ఫీజు నగర ప్రాంతంలో 1,000. ఇంటికి వచ్చి వేలిముద్రలు తీసుకొని ఆన్‌లైన్లో చేసిపెట్టే ఏజెంటు తన రుసుము విడిగా అడుగుతాడు. అడ్డగోలు మొత్తం చెబితే ఈ లెక్క ముందు పెట్టండి.

సంతకానికి ముందు లాక్‌ఇన్, అంటే ఇన్ని నెలలలోపు ఖాళీ చేయకూడదన్న వాక్యం వెతకండి. ఆరు నెలల లాక్‌ఇన్ ఉంటే మూడో నెలలో ఖాళీ చేసినా మిగతా అద్దె అడుగుతారు. కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్ ఉంటుంది కాబట్టి లాక్‌ఇన్‌ను మూడు నెలలకు తగ్గించమనండి. ముగ్గురి పేర్లూ ఒప్పందంలో ఉండాలి, డిపాజిట్ ఎవరెంత ఇచ్చారో రాయాలి, డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి. అద్దెకున్నవారి వివరాలు పోలీసులకు ఇవ్వడం కూడా యజమాని పనే. అది పూర్తయిన కాగితం నకలు తీసుకోండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్చులు అన్నీ ఫొటోలు తీసి యజమానికి పంపండి.

8. వంట, సామాను

స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ ఒక్కొక్కరికి 40 కిలోల సామాను ఉచితం. ఆ 40 కిలోల్లో ఏం తీసుకెళ్లాలన్నది పెద్ద విషయం. గుంటూరు కారం, ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, స్టీలు గిన్నెలు, చిన్న కుక్కరు, దుప్పట్లు రానివ్వండి. బియ్యం మోయకండి. అక్కడి కిరాణా కొట్లలో కొలం రకం తేలిగ్గా దొరుకుతుంది, మన బియ్యమే కావాలంటే మాటుంగా వైపు దక్షిణాది కొట్లున్నాయి.

గ్యాస్ కనెక్షన్ కోసం తిరగకుండా గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చే 5 కిలోల చిన్న సిలిండరు తీసుకోండి, లేదా ఇండక్షన్ పొయ్యితో కానివ్వండి. ముగ్గురూ వండే తీరిక లేనివారైతే పోళీ-భాజీ కేంద్రాలు ఉన్నాయి. మన కర్రీ పాయింట్లలాంటివే. చపాతీలు లెక్కన, కూర డబ్బాలో అమ్ముతారు. ఇంట్లో కుక్కరు అన్నం, అక్కడి కూర, మన పచ్చడి కలిస్తే తిండి 8 వేలలోపే తేలుతుంది. ఫోను యాప్‌లో రోజూ తెప్పించుకుంటే 8 వేలు రెండు వారాలకే సరి.

బైకు ఇక్కడే వదిలేయండి. పార్కింగ్ దొరకదు, పన్నెండు నెలలు దాటితే మహారాష్ట్రలో మళ్లీ రిజిస్ట్రేషన్, రోడ్డు పన్ను. లోకల్ పాసు జేబులో ఉన్నవాడికి దానితో పని లేదు.

9. రాకపోకలు

బెజవాడ నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్, విశాఖ-లోకమాన్య తిలక్ ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళ్తాయి. గుంటూరు వాళ్లకు విజయవాడ వచ్చి ఎక్కడం సులువు. డోంబివ్లీ వైపు ఇల్లయితే కోణార్క్‌లో సీఎస్ఎంటీ దాకా పోకుండా కల్యాణ్‌లో దిగి లోకల్ ఎక్కండి. రాత్రి దిగితే బ్యాగులతో లోకల్ జోలికి పోక తెల్లవారే దాకా వెయిటింగ్ హాల్లో కూర్చోవడం మేలు.

పండక్కి ఊరు రావాలంటే మాత్రం చివరి నిమిషపు ప్రైవేటు బస్సు చార్జీ ఆ నెల మిగులును మింగేస్తుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. సంక్రాంతికి జనవరి 12 బండి కావాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు ఫోను పట్టుకొని సిద్ధంగా ఉండండి.